గురుత్వాకర్షణకు మంత్రిగారి సిఫారసు

ఐన్‌స్టీన్ పొరపడ్డాడని నిరూపించామంటూ ముందుకు వచ్చేవారు అన్ని దేశాలలోనూ ఉన్నారు. వారి పుస్తకాలు సొంత ఖర్చుతో అచ్చవుతాయి. విశ్వవిద్యాలయాలకు, పత్రికలకు తపాలాలో అందుతాయి. చాలావరకు అక్కడితో ఆగిపోతాయి. మన దేశంలో మాత్రం ఆ పుస్తకం మరికొంత దూరం ప్రయాణిస్తుంది. శాస్త్రజ్ఞులు పెడచెవిన పెట్టినదానిని మంత్రిగారైనా ఆలకిస్తారన్న ఆశతో ఢిల్లీ రైలెక్కుతుంది. ఈ ఆశను ఎవరు పెంచుతున్నారన్నది విచారించదగిన విషయం.

నేను చదివినది ఆంగ్ల సాహిత్యం. సాపేక్ష సిద్ధాంతం తప్పో ఒప్పో తేల్చే అర్హత నాకు లేదు. కాని చెప్పిన మాటకు ఆధారమేదని అడగడం పార్లమెంటు విలేకరి వృత్తిధర్మం. సభలో ఒక పత్రాన్ని ఉటంకించిన సభ్యుడు దాని ప్రామాణికతకు బాధ్యత వహించవలసి వస్తుంది. రాజకీయాలకే ఇంత కట్టుబాటు ఉన్నప్పుడు భౌతికశాస్త్రానికి అంతకంటె తక్కువ చాలునా?

2019 జనవరిలో పంజాబులోని జలంధర్ వద్ద 106వ భారత సైన్స్ కాంగ్రెస్ జరిగింది. ప్రధానమంత్రి ప్రారంభించిన సమావేశమది. తమిళనాడు నుండి వచ్చిన ఒక వక్త అక్కడ న్యూటన్, ఐన్‌స్టీన్ ఇద్దరూ పొరపడ్డారని ప్రకటించారు. తన సిద్ధాంతం రుజువైన పిమ్మట గురుత్వ తరంగాలకు ప్రధానమంత్రి నరేంద్ర మోదీ పేరు, గురుత్వాకర్షణ వలన కాంతి వంగే ప్రక్రియకు నాటి శాస్త్ర సాంకేతిక మంత్రి హర్షవర్ధన్ పేరు పెట్టాలని సూచించారు. అదే సమావేశంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం నాటి వైస్ చాన్సలర్, కౌరవులు పరీక్షనాళికలలో పుట్టినవారని, రావణునికి 24 రకాల విమానాలుండేవని బాలబాలికలకు బోధించారు. తెలుగువారు తలవంచుకోవలసిన సందర్భమది. దేశమంతటా నిరసనలు వెల్లువెత్తగా నిర్వాహకులు ఆందోళన వెలిబుచ్చి, ఇకమీదట ప్రసంగ సారాంశాలను ముందుగానే తెప్పించుకుంటామన్నారు.

వక్తలను మాత్రమే నిందించి ప్రయోజనం లేదు. అంతకు పది నెలల ముందు, 2018 మార్చిలో, ఇంఫాల్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో సాక్షాత్తు శాస్త్ర సాంకేతిక మంత్రే ఒక విచిత్రమైన మాట అన్నారు. ఐన్‌స్టీన్ సమీకరణాన్ని మించిన సిద్ధాంతం వేదాలలో ఉండవచ్చునని, ఆ రెండు రోజుల ముందే మరణించిన స్టీఫెన్ హాకింగ్ అన్నాడట! ఆధారమేదని విలేకరులు అడిగితే, మీరే వెదకండని జవాబు వచ్చింది. పెద్దలు ఈ విధంగా దారి చూపితే ఒంటరి సిద్ధాంతకర్త ఆ దారిన నడవడంలో ఆశ్చర్యమేమున్నది?

ఈ జాడ్యం ఒక్క పార్టీకి, ఒక్క ప్రభుత్వానికి పరిమితమైనది కాదు. 1996లో, కేంద్రంలో యునైటెడ్ ఫ్రంట్ అధికారంలో ఉన్నప్పుడు, మూలికలతో నీటిని పెట్రోలుగా మారుస్తానన్న ఒక యువకుడు ఢిల్లీ పెద్దలను సైతం ఆకర్షించాడు. శాస్త్రజ్ఞులు కట్టుదిట్టంగా పరీక్షించిన పిమ్మటనే అందులోని మోసం బయటపడింది. నాడు దేశాన్ని కాపాడినది ఆ పరీక్షే.

విద్వత్ప్రపంచం కొత్త భావాలకు తలుపులు మూసివేస్తుందన్న ఆరోపణలో నిజం లేకపోలేదు. 1935 జనవరిలో లండన్‌లో, 24 ఏళ్ళ సుబ్రహ్మణ్యం చంద్రశేఖర్ నక్షత్రాల అవసానదశపై చెప్పిన సిద్ధాంతాన్ని మహామహుడైన ఎడింగ్టన్ నిండు సభలో పరిహసించాడు. చంద్రశేఖర్ తన గణితాన్ని గ్రంథస్థం చేసి, వేరొక పరిశోధనకు మళ్ళారు. నోబెల్ బహుమతి 1983లో వచ్చింది. ఢాకాలో పాఠాలు చెప్పుకుంటున్న సత్యేంద్రనాథ్ బోస్‌కు డాక్టరేటు కూడా లేదు. 1924లో ఆయన తన వ్యాసాన్ని నేరుగా ఐన్‌స్టీన్‌కు పంపారు. ఐన్‌స్టీన్ దానిని స్వయంగా జర్మన్ భాషలోకి అనువదించి అచ్చువేయించాడు. ఆ ఉత్తరం వెంట వైస్రాయి సిఫారసు లేదు. అందులో ఉన్నది గణితం.

ఈ విషయంలో మరింతగా ఆలోచింపజేసేది జయంత్ నార్లికర్ జీవితం. ఫ్రెడ్ హాయిల్‌తో కలిసి 1964లో గురుత్వాకర్షణపై ఒక కొత్త సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన ఆయనను మరుసటి సంవత్సరమే, 26 ఏళ్ళ వయసులో, ప్రభుత్వం పద్మభూషణ్‌తో గౌరవించింది. ఆ 1965లోనే విశ్వమంతటా నిండిన సూక్ష్మతరంగ వికిరణం సంగతి వెల్లడి కాగా, శాస్త్రలోకం మహావిస్ఫోట సిద్ధాంతం వైపు మొగ్గింది. నార్లికర్ తుదివరకు దానితో రాజీపడలేదు. 1993లో సవరించిన సిద్ధాంతంతో మళ్ళీ వచ్చారు. అయితే, తన వాదాన్ని శాస్త్ర పత్రికలలో, ఇతరులు ఖండించడానికి వీలున్న రూపంలో వినిపించారు. పద్మభూషణ్‌ను రుజువుగా చూపలేదు. పుణెలో 1988లో ఆయన నెలకొల్పిన ఖగోళ పరిశోధన కేంద్రం తన అభిప్రాయాలకు ప్రచారాలయం కాలేదు. 2025 మేలో ఆయన కన్నుమూసినప్పుడు ఆయనతో విభేదించినవారు కూడా గౌరవంతో తలచుకున్నారు.

భేదం ఇక్కడ ఉన్నది. అసమ్మతి దోషం కాదు. పరీక్షను తప్పించుకోవడం దోషం. లోక్‌సభలోని 543 మంది సభ్యులు ఏకగ్రీవంగా తీర్మానించినా ఆకాశంలో ఒక నక్షత్రం తన దారి మార్చుకోదు. ఈ సంగతి ప్రభుత్వానికీ తెలియనిది కాదు. జలంధర్‌లో పేరు మార్చబోయిన ఆ గురుత్వ తరంగాలనే గమనించడానికి, మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో రూ. 2,600 కోట్లతో లైగో ఇండియా కేంద్రాన్ని నిర్మించాలని కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో ఆమోదించింది. డబ్బు ఖర్చు చేసేటప్పుడు ఐన్‌స్టీన్‌ను నమ్మే ప్రభుత్వం, పిల్లలకు బోధించే వేదికపై మాత్రం ఎవరేమి చెప్పినా ఊరకుండడం న్యాయమా?

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుని విధి అని 1976లో 42వ సవరణ రాజ్యాంగంలో చేర్చింది. పౌరునికి విధి అయినది మంత్రికి, వైస్ చాన్సలర్‌కు ఐచ్ఛికం కాజాలదు.

కాగా, 1914లో కలకత్తాలో మొదలైన సైన్స్ కాంగ్రెస్ నేడు మూగపోయింది. ఆర్థిక అవకతవకల కారణం చూపి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2023లో నిధులు నిలిపివేసింది. 2024 జనవరిలో సమావేశం జరగలేదు. పీడ విరగడైందని సంతోషించిన శాస్త్రజ్ఞులూ లేకపోలేదు. 2016లోనే నోబెల్ గ్రహీత వెంకట్రామన్ రామకృష్ణన్ దానిని సర్కస్ అన్నారు. అయినప్పటికీ జిల్లా కళాశాల అధ్యాపకునికి, పేరులేని పరిశోధకునికి, దేశంలోని పెద్ద శాస్త్రజ్ఞుల ఎదుట నిలబడే అవకాశం అక్కడ ఉండేది. ఆ తలుపు మూసినంత మాత్రాన వింత సిద్ధాంతాలు ఆగవు. అడ్డుచెప్పేవారు లేని చోట్లకు తరలిపోతాయి.

శాస్త్ర సాంకేతిక వ్యవహారాలు చూసే పార్లమెంటు స్థాయీ సంఘం ఈ అంశాన్ని చేపట్టడం సముచితం. ఆ వేదికను పునరుద్ధరించాలి. ఎంతటి అనామకుడైనా తన వాదాన్ని వినిపించనివ్వాలి. వినిపించిన చోటనే తెలిసినవారు ప్రశ్నించాలి. పిల్లల సభకు పిలిచే వక్త ఏమి చెప్పబోతున్నాడో ముందుగా చూడాలి. మంత్రులు దీపం వెలిగించి, శాస్త్రం సంగతి శాస్త్రజ్ఞులకు వదలి, తిరుగు విమానం ఎక్కితే అంతకంటె పెద్ద సేవ ఉండదు.