ఇంటి చదువుకు చట్టంలో చోటేదీ?

భిలాయ్ వంటి ఊరిలో పసిపిల్లలను బడికి పంపకుండా ఇంటివద్దనే చదువు చెప్పుకోవాలన్న ఆలోచన వినడానికే విడ్డూరంగా తోస్తుంది. ఈ ఊరు ఉక్కుతోపాటు బడులను కూడా వెంటబెట్టుకునే పుట్టింది. 1955 ఫిబ్రవరిలో భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. సెక్టార్ల వారీగా క్వార్టర్లు, ఆసుపత్రి, ఆటస్థలాలు వెలిసినట్టే కర్మాగారం సొంత విద్యావిభాగం ఆధ్వర్యంలో పాఠశాలలూ వెలిశాయి. విజయనగరం, రాయగడల మీదుగా రాయపూర్ చేరే రైలుమార్గం వెంట ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన వేలాది తెలుగు కుటుంబాలను ఈ ఊరికి కట్టిపడేసినవి రెండు: నెల తిరిగేసరికి చేతికందే జీతం, ఇంటికి కూతవేటు దూరంలో పిల్లల బడి. తాను ఇటుకలు మోసినా, కొలిమి దగ్గర చెమటోడ్చినా తన బిడ్డ ఇంజనీరు కావాలన్న ఆశకు ఆ బడులే ఆలంబన అయ్యాయి. ఐఐటీ ప్రవేశ పరీక్షలలో ర్యాంకులు తెచ్చుకునే పట్టణంగా భిలాయ్‌కి దేశవ్యాప్తంగా పేరు రావడం ఆ ఆశకు కొనసాగింపే.

అటువంటి ఊరిలోనూ నేడు ఇంటి చదువు ప్రస్తావన వస్తున్నదంటే కారణాలు లేకపోలేదు. ఆర్థిక సరళీకరణ తరువాత ప్రభుత్వరంగ ఉక్కు సంస్థ సిబ్బందిని తగ్గించుకుంటూ వచ్చింది. పాత కార్మికులు పదవీ విరమణ చేస్తుంటే వారి స్థానాలలో కాంట్రాక్టు కూలీలు చేరారు. పిల్లలు తగ్గారన్న కారణంతో కర్మాగారం నడిపే పాఠశాలలలో పలు మూతపడ్డాయి, మరికొన్ని విలీనమయ్యాయి. ఆ ఖాళీని నింపడానికి ప్రైవేటు పాఠశాలలు వచ్చాయి. మూడేళ్ళు నిండీ నిండకముందే పసివాడి వీపున సంచీ వేసి, అర్థంకాని భాషలో పద్యాలు వల్లెవేయించి, ఫీజు మాత్రం ఏటేటా పెంచే చదువు అది. చదువుకున్న తల్లిదండ్రులలో కొందరికైనా, ఆరేళ్ళో ఎనిమిదేళ్ళో వచ్చేదాకా బిడ్డను తమ దగ్గరే ఉంచుకుని మెల్లగా నేర్పితే నష్టమేమిటన్న సందేహం కలగడం సహజం.

నిజానికి భిలాయ్ తెలుగువారికి ఇంటి చదువు కొత్త విద్య కాదు. సగం చదువు వారు ఎప్పుడూ ఇంటనే చెప్పుకున్నారు. బడిలో హిందీ, ఆపైన ఇంగ్లీషు. వీధిలో ఛత్తీస్‌గఢీ. తెలుగు అక్షరాలు మాత్రం వంటింటి గడప దగ్గర పలకమీదనో, సెలవులకు ఊరెళ్ళినప్పుడు తాతయ్య చేతి బాలశిక్షలోనో దిద్దుకోవలసినవే. తెలుగు మాట్లాడగలిగినా చదవలేని తరం భిలాయ్‌లోనూ తయారయిందంటే, బడి తెలుగు నేర్పకపోవడం ఎంత కారణమో, ఇంట్లో నేర్పే తీరిక తగ్గిపోవడమూ అంతే కారణం.

దృష్టాంతం కోసం ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి రోలింగ్ మిల్లులో మూడు షిఫ్టుల కార్మికుడు. తల్లి డిగ్రీ చదివి, పెళ్ళి తరువాత ఉద్యోగం వెతుక్కోని ఇల్లాలు. అయిదేళ్ళ పిల్ల, మూడేళ్ళ పిల్లవాడు. వీరు పిల్లలకు ఇంటివద్దనే చదువు చెప్పదలిస్తే మొదటి చిక్కు పాఠ్యపుస్తకాలలో రాదు, గడియారంలో వస్తుంది. నైటు షిఫ్టు ముగించుకుని వచ్చిన తండ్రి పగలంతా నిద్రపోవాలి. రెండు గదుల క్వార్టరులో పిల్లలు అల్లరి చేయరాదు. కాబట్టి ఆ వారం చదువు పెరటిలోనో, మైత్రీబాగ్ చెట్ల నీడనో సాగాలి. ఫస్టు షిఫ్టు వారంలో మధ్యాహ్నం నుంచి తండ్రి అందుబాటులో ఉంటాడు. గిన్నెలో బియ్యం కొలిపించి లెక్కలు చెప్పడం, ఇంటి ముందు తోటలో మొక్కలకు పేర్లు రాయించడం, బజారులో చిల్లర లెక్కపెట్టించడం వంటివి అప్పుడు సాధ్యపడతాయి. చిన్న వయసు చదువు ఇంతకంటే పెద్దది కావలసిన అవసరమూ లేదు. రోజుకు రెండు గంటలు శ్రద్ధగా కూర్చోబెడితే ఒకటో తరగతి పాఠాలు పూర్తవుతాయి.

చిక్కంతా మిగిలిన గంటలతో. పక్కింటి పిల్లలు బడికి పోతే వీధి నిర్మానుష్యం. పిల్ల ఎవరితో ఆడుకోవాలి? ఎవరితో దెబ్బలాడి ఎవరితో కలిసిపోవాలి? పైగా ఊరి నుంచి వచ్చిన అత్తగారు ‘పిల్లని బడికి పంపలేదేమమ్మా, డబ్బులు చాలడం లేదా?’ అని అడుగుతుంది. ఇక ఈ ఏర్పాటులో తల్లి శ్రమకు వెల కట్టేవారు ఎవరూ లేరు. ప్రైవేటు బడి ఫీజు మిగిలిందని ఇంటి లెక్కలో రాసుకోవచ్చు. ఆమె చేయగలిగిన ఉద్యోగం, తెచ్చుకోగలిగిన జీతం ఏ లెక్కలోనూ కనిపించవు. ఇంటి చదువును ఆదర్శంగా కీర్తించే పట్టణ విద్యాధికులు ఈ సంగతిని చప్పున దాటిపోవడం గమనార్హం.

తండ్రి పాత్ర గురించి చెప్పుకోవలసి వస్తే మహాత్మాగాంధీ ఉదాహరణే చాలు. దక్షిణాఫ్రికాలో ఆయన తన కుమారులను యూరోపియన్ల బడులకు పంపడానికి ఇష్టపడక, ఇంటివద్దనే చదువు చెప్పబూనారు. పరాయి భాషలో చదివిన బిడ్డలు తమ నేలకు దూరమవుతారన్నది ఆయన దృఢవిశ్వాసం. కానీ వృత్తి, ఉద్యమం కలిసి ఆయనకు తగినంత సమయం మిగల్చలేదు. సరైన చదువు దక్కలేదన్న అసంతృప్తి కుమారులలో ఉండిపోయిందని ఆత్మకథలో ఆయనే ఒప్పుకున్నారు. పెద్దకుమారుడు హరిలాల్ విషయంలో ఆ అసంతృప్తి ఎంత దూరం పోయిందో తెలిసినదే. సంకల్పం ఎంత గొప్పదైనా రోజూ కూర్చుని పాఠం చెప్పే మనిషి లేకపోతే ఇంటి చదువు సాగదు.

చరిత్రలో ఇంకాస్త వెనక్కి పోతే మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో జరిపించిన విద్యా పరిశీలన ఆసక్తికరం. మద్రాసు నగరంలో బడులలో చదివే పిల్లలు 5 వేల పైచిలుకు కాగా, ఇళ్ళలో చదువుకునేవారు 26 వేలకు పైగా ఉన్నట్టు కలెక్టరు నివేదించాడు. ఆ అంకెలో పొరపాటు ఉండవచ్చునని మన్రోయే అనుమానించాడు. అయినా తండ్రి దగ్గరో, బంధువు దగ్గరో, ఇంటికి వచ్చే గురువు దగ్గరో అక్షరాలు నేర్చుకోవడం మన సమాజంలో అసాధారణం కాదన్నది మాత్రం రూఢి. అయితే ఆ ఇంటి చదువు ఎవరికి దక్కింది? పొలం పనులు చేసేవారి పిల్లలకు కాదు, ఆడపిల్లలలో అత్యధికులకు కాదు. బడి అనే బహిరంగ స్థలం అవసరమైనది అందుకే.

ఇటీవలి అనుభవమూ ఇదే చెబుతున్నది. 2020 మార్చిలో కరోనా కారణంగా బడులు మూతపడినప్పుడు దేశంలో ప్రతి ఇల్లూ బలవంతాన బడి అయింది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ ఏప్రిల్‌లోనే ‘పఢయీ తుంహర్ దువార్’ పేరిట, అంటే మీ ముంగిటికే చదువు అన్న అర్థంతో, ఆన్‌లైన్ పాఠాలు ప్రారంభించింది. సెల్‌ఫోన్ సంకేతాలు అందని పల్లెలకు లౌడ్ స్పీకర్ల ద్వారా, బ్లూటూత్ ద్వారా పాఠాలు చేర్చే ప్రయత్నమూ జరిగింది. చెట్లకింద, అరుగులమీద వాడ తరగతులు నడిపిన ఉపాధ్యాయుల కృషి ప్రశంసనీయం. అయినప్పటికీ 2021లో ఆ రాష్ట్ర గ్రామీణ ప్రాంతాలలో జరిగిన ‘అసర్’ సర్వేలో చిన్న తరగతుల పిల్లల పఠన సామర్థ్యం 2018 కంటే బాగా దిగజారినట్టు తేలింది. చదువుకున్న తల్లి, ఒక ఫోను, కాస్త తీరిక ఉన్న ఇళ్ళలో పిల్లలు నిలదొక్కుకున్నారు. కాంట్రాక్టు కూలీల ఇళ్ళలో ఆ మూడూ కరవే. వాస్తవానికి ఈ వ్యత్యాసం భిలాయ్ ప్రాంతానికి పాతదే. దల్లీరాజహరా గనులలో శంకర్ గుహా నియోగి నాయకత్వాన 1977లో ఏర్పడిన కార్మిక సంఘం తమ పిల్లలకోసం స్వయంగా బడులు కట్టుకోవలసి వచ్చింది. బడిలేని కార్మికుడు కోరుకున్నది బడినే గాని ఇంటి చదువును కాదు.

ఇంతకూ చట్టం ఏమంటున్నది? 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ బాలబాలికలకు ఉచిత, నిర్బంధ విద్యను హామీ ఇస్తున్నది. బిడ్డను సమీప పాఠశాలలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని 10వ సెక్షన్ చెబుతుంది. కానీ ఆ విధిని పాటించకపోతే శిక్ష ఏమిటో చెప్పదు. ‘నిర్బంధం’ అన్న మాటకు ప్రభుత్వం మీద బాధ్యత అనే అర్థమే ప్రధానం. ఆరేళ్ళలోపు పిల్లల విషయంలో నిర్బంధమే లేదు. 2012లో ఢిల్లీ హైకోర్టులో ఈ అంశం విచారణకు వచ్చినప్పుడు, ఇష్టపూర్వకంగా ఇంటి చదువును ఎంచుకున్నవారికి చట్టం అడ్డురాదని కేంద్ర మానవవనరుల అభివృద్ధి మంత్రిత్వశాఖ తొలుత ప్రమాణపత్రం దాఖలు చేసింది. కొద్దికాలానికే ఆ వైఖరిని మార్చుకుంది. అప్పటినుంచి ఇంటి చదువు నేరమూ కాదు, హక్కూ కాదు. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ ద్వారా పదో తరగతి పరీక్ష రాయాలంటే 14 ఏళ్ళు నిండాలి. ఆరుకూ పద్నాలుగుకూ మధ్య ఇంట చదివే బిడ్డ ప్రభుత్వ లెక్కలలో బడి మానేసిన బిడ్డకిందనే జమ.

విదేశాలలోనూ ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో 1990వ దశకం తొలినాళ్ళకు అన్ని రాష్ట్రాలూ ఇంటి చదువును చట్టబద్ధం చేశాయి. జర్మనీ ససేమిరా అంటున్నది. మన దేశం మాత్రం అనుమతించకుండా, నిషేధించకుండా మౌనం వహించింది. ఈ మౌనం వల్ల బలవంతులకు నష్టం లేదు. 2010లో 14 ఏళ్ళ ఢిల్లీ బాలుడు ఇంటివద్ద తల్లి శిక్షణలో చదివి ఐఐటీ ప్రవేశ పరీక్షలో 33వ ర్యాంకు సాధించినప్పుడు పత్రికలన్నీ హర్షించాయి. బొంబాయి, పుణె, బెంగళూరులలో ఇంటి చదువు కుటుంబాలు ఒకరికొకరు తోడుగా ఉంటున్నాయి. ఒక ఉక్కునగరపు క్వార్టరులో ఒంటరిగా ఆ ప్రయత్నం చేసే సామాన్య కుటుంబానికే భయాలన్నీ. రేపు తండ్రి ఉద్యోగం పోయినా, తల్లి ఆరోగ్యం చెడినా, పిల్లను మూడో తరగతిలో చేర్చుకోమంటే ప్రధానోపాధ్యాయుడు బదిలీపత్రం ఏదని అడిగితే ఏం చేయాలి?

సమాధానం చట్టంలోనే ఉంది. ఎన్నడూ బడిలో చేరని బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, అవసరమైతే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. ప్రవేశానికి పరీక్ష పెట్టరాదని 13వ సెక్షన్ నిషేధిస్తున్నది. ఈ నిబంధనలను ముఖ్యంగా పేద పిల్లలను, మధ్యలో చదువు ఆపినవారిని దృష్టిలో ఉంచుకుని రాశారు. ఇంట చదివిన పిల్లలకు కూడా ఇవి వర్తిస్తాయని విద్యాశాఖ ఒక్క ఉత్తర్వు జారీచేస్తే సగం భయం తీరుతుంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును ఒకే పునాది దశగా గుర్తించి, ఆటపాటలతో, వీలైనచోటల్లా మాతృభాషలో బోధన సాగాలన్నది. ఆ దశలో ఇంటనే చదువు చెప్పుకోదలచిన తల్లిదండ్రుల పేర్లను జిల్లా విద్యాధికారి కార్యాలయం నమోదు చేసుకోవాలి. ఏడాదికొకసారి ఒక ఉపాధ్యాయుడు ఇంటికి వెళ్ళి పిల్లతో మాట్లాడి రావాలి. పరీక్ష పెట్టనవసరం లేదు, పిల్ల చదువుతున్నదా, పనికి పోతున్నదా, ఆరోగ్యంగా ఉన్నదా అన్నది తెలిస్తే చాలు. ఈ తనిఖీ తప్పనిసరి కావాలి. ఇంటి చదువు పేరు చెప్పి ఆడపిల్లను చంటిబిడ్డ దగ్గర కాపలా ఉంచే ఇళ్ళు, అబ్బాయిని దుకాణంలో నిలబెట్టే ఇళ్ళు లేవని ఎవరనగలరు? నమోదును వ్యతిరేకించే ఇంటి చదువు అభిమానులు ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు.

భిలాయ్‌కి సంబంధించినంతవరకు మరొక వెసులుబాటు సులభసాధ్యం. మూతపడిన పాఠశాలల భవనాలలో ఒకటిరెండింటిని మధ్యాహ్నపు వేళ పిల్లల గ్రంథాలయాలుగా తెరిచి, బడికి పోయే పిల్లలకు, పోని పిల్లలకు, కాంట్రాక్టు కూలీల పిల్లలకు కూడా ప్రవేశం కల్పిస్తే కర్మాగారానికి అయ్యే ఖర్చు స్వల్పం. అక్కడ తెలుగు పుస్తకాల బీరువా ఒకటి ఉంచే బాధ్యతను స్థానిక తెలుగు సంఘాలు తీసుకోవచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో కొత్త విద్యాసంవత్సరం జూన్‌లో మొదలవుతుంది. ప్రవేశాల ఉత్తర్వులు సిద్ధమయ్యే లోపుననే 4వ సెక్షన్‌పై రాయపూర్ నుంచి ఆ ఒక్క స్పష్టీకరణ వెలువడవలసి ఉంది.