న్యాయవిద్యకు ముందు ఆ ఒక్క సంవత్సరం

ప్రతి ఏటా లాసెట్ ర్యాంకులు వెలువడిన తరువాత వచ్చే శుక్రవారం నాకు ఒకే అనుభవం ఎదురవుతుంది. జుమా నమాజు ముగించుకొని మస్జిదు మెట్లు దిగుతుండగా ఎవరో ఒక తండ్రి జేబులో నుండి మడత పెట్టిన ర్యాంకు కార్డు తీసి, "సాబ్, ఈ ర్యాంకుకు చేర్పించమంటారా, వచ్చే ఏడు మళ్ళీ రాయించమంటారా?" అని అడుగుతాడు. జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా గడిపినవాణ్ణి. కాగితం పట్టుకొని వచ్చినవారిని జవాబు చెప్పకుండా పంపడం నాకు చేతకాదు. అయితే ఒకప్పుడు చెప్పినంత సులువుగా ఇప్పుడు ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతున్నాను. అందుకు కారణం నేను చేసిన ఒక తప్పు.

కొన్నేళ్ల క్రితం తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివిన ఒక మెకానిక్ కుమారునికి అయిదేళ్ల న్యాయవిద్యలో విశ్వవిద్యాలయ కళాశాల సీటు అందే ర్యాంకు వచ్చింది. నేను ఆ సీటును తేలికగా చూశాను. "నీవంటివాడు నల్సార్‌లో చదవాలి బేటా, ఒక్క సంవత్సరం ఆగి క్లాట్ రాయి" అన్నాను. ఆ సంవత్సరం ఎక్కడ కూర్చొని చదువుతాడో, ఆంగ్ల పుస్తకం ఎవరు వివరిస్తారో నేను అడగలేదు. "ఖాళీగానే ఉన్నాడు కదా" అని మూడో నెలకే అతణ్ణి తండ్రి షెడ్డులో కూర్చోబెట్టారు. డిసెంబరులో రాసిన క్లాట్‌లో మార్కులు రాలేదు. తరువాతి లాసెట్‌లో ర్యాంకు ముందటి కంటే దిగజారింది. నేడు ఆ షెడ్డు అతనిదే. నన్ను చూస్తే ఇప్పటికీ సలాం చేసి చాయ్ తెప్పిస్తాడు. ఆ చాయ్ నాకు గొంతు దిగదు.

కనుక మళ్ళీ రాయాలా వద్దా అని అడిగే తల్లిదండ్రులను ముందుగా ఒక విషయం ఆలోచించమంటాను. మార్కులు ఎందుకు తగ్గాయి?

ఈ రెండు పరీక్షలూ ఒకటి కావు. క్లాట్ పూర్తిగా ఆంగ్లంలో ఉంటుంది. రెండు గంటలలో 120 ప్రశ్నలు. సుదీర్ఘమైన గద్యభాగాలు చదివి జవాబులు గుర్తించాలి. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. లాసెట్ ప్రశ్నపత్రం ఆంగ్లంతో పాటు తెలుగులోనూ, తెలంగాణలో ఉర్దూలోనూ ఉంటుంది. అయిదేళ్ల కోర్సుకు 90 నిమిషాలలో 120 ప్రశ్నలు. వాటిలో 60 మార్కులు న్యాయశాస్త్ర అభిరుచికే కేటాయించారు. నెగటివ్ మార్కులు లేవు. రాజ్యాంగ ప్రాథమిక విషయాలు, వర్తమాన వ్యవహారాలు శ్రద్ధగా చదివితే ఒక సంవత్సరంలో ఈ పరీక్షలో మార్కులు పెంచుకోవడం సాధ్యమే. పన్నెండేళ్లు తెలుగులోనో ఉర్దూలోనో చదివిన బిడ్డ, నేర్పేవారు లేకుండా, అదే సంవత్సరంలో ఆంగ్ల గద్యాన్ని వేగంగా చదివి గ్రహించే శక్తిని సంపాదించడం చాలా కష్టం. ఆ లోపం బిడ్డ తెలివిలో లేదు. మనం చదివించిన తీరులో ఉన్నది.

కొందరి విషయంలో అసలు లోపం పరీక్షలోనే ఉండదు. 2007 నాటి చట్టం ద్వారా ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ లభించింది. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేయగా, సుప్రీంకోర్టు అదే ఏడు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వలన అది కొనసాగుతూ వచ్చింది. సయ్యద్, మొఘల్, పఠాన్ మొదలైన వర్గాలు ఈ జాబితాలోకి రావు. వారిలో పేదలకు ఆర్థికంగా బలహీన వర్గాల కోటా ఉన్నది. ఇంత ఉండి కూడా కౌన్సెలింగ్ నాటికి కుల ధ్రువపత్రమో ఆదాయ ధ్రువపత్రమో చేతిలో లేక, జనరల్ కోటాలో పోటీపడి సీటు పోగొట్టుకున్న పిల్లలను నేను చూశాను. వారికి మరో సంవత్సరం చదువు కంటే సకాలంలో మీసేవా కేంద్రానికి వెళ్ళే పెద్దవాడు ఒకడు అవసరం.

తరువాత ఆలోచించవలసినది, ఆ సంవత్సరం ఎవరి చేతిలో ఉంటుందని. మన ఇళ్లలో ఆగిన అబ్బాయి సంవత్సరం దుకాణం పాలవుతుంది. ఆగిన అమ్మాయి సంవత్సరం పెళ్లి సంబంధాల పాలవుతుంది. మా మహల్లాలోనే ఒక అమ్మాయికి మొదటిసారి మంచి ర్యాంకు రాలేదు. దూరపు ప్రైవేటు కళాశాలలో, ఇంటివారు భరించలేని ఫీజుకు సీటు వచ్చింది. అప్పు చేసైనా చేర్పిస్తామని తండ్రి, అవసరం లేదని ఆమె. "చాచా, నాకు ఒక సంవత్సరం ఇప్పించండి. కానీ అది నా సంవత్సరంగా ఉండాలి" అన్నది. పరీక్ష అయ్యేవరకు సంబంధాలు చూడరాదని, ఫజర్ నమాజు తరువాత నాలుగు గంటలు ఇంటిపని చెప్పరాదని, ఇంటికి రోజూ ఒక తెలుగు దినపత్రిక తెప్పించాలని తండ్రి చేత నా ఎదుటే ఒప్పించింది. తండ్రి మాట నిలబెట్టుకున్నాడు. ఆ అమ్మాయి ఇప్పుడు విశ్వవిద్యాలయ కళాశాలలో న్యాయశాస్త్రం చదువుతున్నది.

ఈ ఇద్దరి అనుభవం నాకు నేర్పినది ఇది. మళ్ళీ రాయడం తప్పు కాదు, కాపలా లేని సంవత్సరం తప్పు. చేతిలో ఉన్నది ప్రభుత్వ విశ్వవిద్యాలయ సీటు అయి, ఫీజు భరించగలిగినదైతే చేరడమే మేలు. మార్కులు తగ్గిన కారణం తెలిసి, చదివే వేళ, చోటు, చెప్పేవారు ముందే నిర్ణయమైతేనే మళ్ళీ రాయాలి. ఈ రెండూ కుదరనివారు ఖాళీగా కూర్చోనక్కరలేదు. డిగ్రీలో చేరి, అది పూర్తయ్యాక మూడేళ్ల ఎల్ఎల్‌బీకి లాసెట్ రాయవచ్చు.

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల పేరుకు విలువ లేదా అని మిత్రులు నన్ను నిలదీస్తారు. ఉన్నది. అక్కడి పరిచయాలు, శిక్షణ అవకాశాలు జిల్లా కళాశాలలో దొరకవు. ఆంగ్లం వచ్చి, సాధన చేసే వీలున్న మన బిడ్డలు తప్పక ప్రయత్నించాలి. చిన్న కళాశాలలే మనకు రాసిపెట్టి ఉన్నాయని నేను అనడం లేదు. కానీ 1961 నాటి న్యాయవాదుల చట్టం కింద నమోదయ్యే న్యాయవాది ఏ కళాశాల నుండి వచ్చినా హక్కు ఒకటే. 2011 నుండి అమలులో ఉన్న అఖిల భారత బార్ పరీక్షను అందరూ రాయవలసిందే. వక్ఫ్ ట్రిబ్యునల్‌లో, కుటుంబ న్యాయస్థానంలో, మేజిస్ట్రేటు ఎదుట మన పేదవాని పక్షాన నిలబడే వకీలును ఎవరూ క్లాట్ ర్యాంకు అడగరు. 1989లో సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయిన జస్టిస్ ఫాతిమా బీవీ తిరువనంతపురం ప్రభుత్వ లా కళాశాల విద్యార్థిని.

ఉన్నత విద్యలో మనం ఎంత వెనుకబడి ఉన్నామో సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. ఆ నివేదికను సభలలో చదివే మనమే, అందిన సీటును పరువు కోసం వదిలించే సలహా ఇవ్వడం న్యాయమా? మళ్ళీ రాయమని చెప్పే ప్రతి పెద్దమనిషి ఆ సంవత్సరపు భారంలో కొంత మోయాలి. మస్జిదు కమిటీ సాయంత్రం ఒక గది తెరిచి ఉంచవచ్చు. ఊరి జూనియర్ న్యాయవాది వారానికి రెండు గంటలు కూర్చోవచ్చు. క్లాట్ దరఖాస్తు రుసుము నాలుగు వేల రూపాయలు. అది ఒక పేద బిడ్డ తరఫున కట్టడం మనలో చాలామందికి అసాధ్యం కాదు. ఇవేవీ చేయలేనివారు కనీసం సలహా చెప్పకుండా ఉండవచ్చు.

ఇప్పుడు మస్జిదు మెట్ల మీద ర్యాంకు కార్డు చూపే తండ్రికి నేను వెంటనే జవాబు చెప్పడం లేదు. "మగ్రిబ్ తరువాత బిడ్డను తీసుకొని ఇంటికి రండి" అంటున్నాను. పరీక్ష రాసింది ఆ బిడ్డ. పోయేదైనా మిగిలేదైనా ఆ బిడ్డ సంవత్సరమే.