కొల్లేరుకు ఉప్పుటేరు ఉంది, మరి మీ యాప్ లాగ్‌కి?

కొల్లేరు చుట్టుపక్కల చేపల రైతుకి అసలు భయం తెల్లవారుజామునే. రాత్రి ఎండ ఉండదు కాబట్టి నీటిలోని నాచు ఆక్సిజన్ ఇవ్వదు. ఉన్న కాస్తా చేపలూ నాచూ కలిసి వాడేస్తాయి. తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఆక్సిజన్ తగ్గగానే 'ఏరియేటర్ వెయ్యండి' అని ఫోన్‌కి అలర్ట్ పంపే యాప్‌ని తాడేపల్లిగూడెం నిట్‌లోనో, ఏలూరు కాలేజీలోనో చదివే కుర్రాళ్లు జాంగోలో రాశారనుకుందాం. ఓ రోజు నాలుగింటికి అలర్ట్ రాలేదు. సెన్సర్ రీడింగ్ పంపింది, సర్వర్ 500 ఎర్రర్ ఇచ్చింది. ఎందుకు? సర్వర్ తెరిచి చూస్తే ఒక్క ముక్క లేదు!

ఇదేం మాయ కాదు. లాగ్ అంటే యాప్ తన పని గురించి రాసుకునే డైరీ. జాంగోలో అది ముందే అమర్చి ఉంటుంది. కానీ మన ల్యాప్‌టాప్‌లో డీబగ్ ఆన్‌లో ఉన్నంతసేపే ఎర్రర్లు తెర మీద కనిపిస్తాయి. లైవ్‌లో డీబగ్ ఆఫ్ చేస్తాం కదా, అప్పుడవి అడ్మిన్ల మెయిల్‌కి వెళ్తాయి. ఆ అడ్మిన్ల లిస్టు మొదట్లో ఖాళీగా ఉంటుంది. మీరు నింపకపోతే ఆ ఎర్రర్ గాల్లో కలిసిపోయినట్టే. పైగా పైథాన్ లాగింగ్ మొదలయ్యేదే వార్నింగ్ స్థాయి నుంచి. 'రీడింగ్ వచ్చింది' అని మీరు ఇన్ఫోగా రాసినవేవీ మిగలవు.

లారావెల్‌ది ఇంకో రకం తంటా. మామూలుగా అన్నీ ఒకే ఫైల్లో రాసుకుంటూ పోతుంది. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెచ్చి పోస్తుంటే కొల్లేరు నిండుతుంది. వాటిని సముద్రానికి చేర్చేది ఉప్పుటేరు. అది పూడుకుపోతే లంక గ్రామాలు మునుగుతాయి. లాగ్ ఫైల్‌కీ బయటకు దారి లేకపోతే డిస్క్ నిండి, యాప్ మొత్తం ఆగిపోతుంది. 'డైలీ' పద్ధతికి మారిస్తే రోజుకో ఫైల్ వస్తుంది, మామూలుగా 14 రోజుల తర్వాత పాతవి పోతాయి. అయితే ఇక్కడో మెలిక ఉంది. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు 180 రోజుల లాగ్‌లు దాచాలి. రేపు మీ యాప్ కంపెనీగా మారితే 14 రోజులు ఏ మూలకి?

అలాగని కనిపించిందల్లా రాసేయకండి. 2018 మేలో ట్విట్టర్ తన 33 కోట్ల మందికి పైగా యూజర్లను పాస్‌వర్డ్ మార్చుకోమంది. కారణం, పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టు లోపలి లాగ్‌లో పడిపోవడం. ఓటీపీ, ఆధార్ నంబర్, రైతు బ్యాంకు వివరాలు లాగ్‌లోకి అస్సలు రాకూడదు.

ఫ్రేమ్‌వర్క్ ఇచ్చే లాగింగ్ చెడ్డది కాదు. అది మొదలుపెట్టడానికి పనికొస్తుంది, సర్వర్‌ని కాపలా కాయడానికి సరిపోదు. ఎక్కడికి వెళ్తోంది, ఎన్నాళ్లు ఉంటోంది, ఏం రాస్తోంది అన్న మూడింటినీ మీరే తేల్చుకోవాలి. లైవ్‌కి వెళ్లే ముందు డీబగ్ ఆఫ్ చేసి, కావాలనే యాప్‌లో ఒక ఎర్రర్ పుట్టించండి. అది పది నిమిషాల్లో మీ కంటపడిందా? అయితే రైతు చేతికి ఇవ్వండి. పడలేదా, ఇంకా ఇవ్వొద్దు.