మొక్కుకు లెక్క రాయాలి

దేవుళ్ళ గురించి రాస్తే గొడవలొస్తాయని, ఆటల గురించి రాస్తే చదువు పాడవుతుందని పెద్దలు అంటుంటారు. మేము ఈ వార్షికోత్సవ సంచికలో రెండూ కలిపి రాస్తున్నాం. కథల్లో వీరుడికీ దేవుడికీ ఉండే సంబంధాన్ని ఒక ఆటలో నియమాలుగా పెట్టాలంటే ఎలా పెట్టాలన్నది మా విషయం. వినడానికి చిన్నదే. కానీ మా గదిలో దీని మీద జరిగినంత వాదన క్రికెట్ మీద కూడా జరగలేదు.

ముందు ఆట సంగతి. దీన్ని రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. కంప్యూటర్ అక్కర్లేదు, సెల్ ఫోన్ అక్కర్లేదు. నలుగురైదుగురు గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు కథ చెప్తారు, మిగిలినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో వీరుడు. "ఎదురుగా వాగు పొంగుతోంది, వెనక శత్రువులు తరుముతున్నారు, ఏం చేస్తావు?" అని కథకుడు అడుగుతాడు. ఈదుతానంటే సరిపోదు, పాచిక వేయాలి. వీరుడి బలం, తెలివి, ధైర్యం కాగితం మీద అంకెలుగా రాసి ఉంటాయి. పాచికలో పడ్డదాన్ని వాటితో పోల్చి, వాగు దాటాడా కొట్టుకుపోయాడా తేలుస్తారు. ఒగ్గు కథ విన్నవాళ్ళకు కథకుడు కొత్త కాదు. ఇక్కడ వినేవాళ్ళు కూడా కథలోకి దిగుతారు, అంతే. మన హాస్టల్లో చదివి ఇంజనీరింగ్‌కు వెళ్ళిన ఒక అన్న ఓ ఆదివారం వచ్చి నేర్పిపోయాడు. 20 ముఖాల పాచిక మాకు దొరకలేదు. 1 నుంచి 20 దాకా చీటీలు రాసి మెస్ స్టీలు గ్లాసులో వేసి తీస్తున్నాం.

ఈ ఆటలు పుట్టింది అమెరికాలో. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను అచ్చువేశారు. అందులో మొదట మూడే రకాల వీరులు: కత్తి పట్టేవాడు, మంత్రం వేసేవాడు, మతాచార్యుడు. దైవశక్తి ఆ మూడోవాడి ద్వారానే దిగుతుంది. కత్తి పట్టేవాడు ఎంత భక్తిగా మొక్కినా అతని కాగితం మీద దానికి గడి లేదు. దైవశక్తితో గాయం మానాలంటే ఆచార్యుడి చెయ్యి పడాల్సిందే.

తర్వాత 1976లో దేవుళ్ళ కోసమే ఒక చిన్న పుస్తకం వచ్చింది. 1980లో 'డైటీస్ అండ్ డెమిగాడ్స్' అని ఇంకా పెద్దది వచ్చింది. గ్రీకు దేవుళ్ళు, ఈజిప్టు దేవుళ్ళు, మన దేశపు దేవతలు కూడా ఉన్నారందులో. ఒక్కో దేవుడికి ఒక్కో పట్టిక. ఆయుధం ఏది, కవచం ఎంత గట్టిది, హిట్ పాయింట్లు ఎన్ని. హిట్ పాయింట్లంటే ఎన్ని దెబ్బలకు ప్రాణం పోతుందో చెప్పే లెక్క. 1976 పుస్తకానికి ముందుమాట రాసిన టిమ్ కాస్క్ ఉద్దేశం మంచిదే. ఆటగాళ్ళు తమ వీరుల్ని మితిమీరి పెంచేస్తున్నారని, దేవుళ్ళ స్థాయి చూశాకైనా తగ్గుతారని ఆయన ఆశ. కానీ అంకె కనిపిస్తే ఆటగాడు ఊరుకుంటాడా? ఎన్ని దెబ్బలో తెలిశాక కొట్టి చూద్దామనిపిస్తుంది. మా నాయనమ్మ దగ్గరకెళ్ళి ఎల్లమ్మకు ఎన్ని హిట్ పాయింట్లు అని అడిగితే చీపురు తిరగేస్తుంది. ఆ చీపురు దెబ్బే సరైన విమర్శ అని మా అభిప్రాయం. దేవుడి బలం ఎంత అన్నది ఆటకు అక్కర్లేని ప్రశ్న. ఈ వీరుడికి ఆ దేవుడు ఏం బాకీ, ఆ దేవుడికి ఈ వీరుడు ఏం బాకీ, ఇదే అక్కరకొచ్చే ప్రశ్న. అంకె వేయాల్సింది అక్కడ.

ఈ సంగతిని మాకంటే ముందే పట్టుకున్నవాళ్ళున్నారు. 1978లో వచ్చిన 'రూన్‌క్వెస్ట్' అనే ఆటలో దేవుడి దగ్గరకు పోవడానికి వేరే జాతి వీరుడు అక్కర్లేదు. గొడ్లు కాసేవాడైనా, కత్తి తిప్పేవాడైనా ఏదో ఒక దేవుడి కొలువులో చేరొచ్చు. గ్రెగ్ స్టాఫోర్డ్ ఊహించిన గ్లొరాంతా అనే లోకంలో ఆ కథలు నడుస్తాయి. ప్రతి వీరుడికీ ఆత్మబలం అని ఒక అంకె ఉంటుంది. దేవుడి దగ్గర పెద్ద మంత్రం కావాలంటే అందులోంచి కొంత శాశ్వతంగా సమర్పించుకోవాలి. డబ్బిస్తే కుదరదు, తన్ను తాను తగ్గించుకోవాలి.

మరీ ప్రాణం మీదికొచ్చినప్పుడు దీక్ష తీసుకున్న వీరుడు దేవుణ్ణి నేరుగా పిలవొచ్చు. అప్పుడు 1 నుంచి 100 దాకా పాచిక వేస్తారు. అతని ఆత్మబలం 14 అనుకుందాం. 40 పడితే దేవుడు పలకలేదు. 9 పడితే పలికాడు, కానీ 14లోంచి 9 పోయి 5 మిగులుతుంది. సరిగ్గా 14 పడిందా, పని జరుగుతుంది, వీరుడు మాత్రం మిగలడు, దేవుడిలో కలిసిపోతాడు. ఈ నియమం చదివి వినిపించినప్పుడు మా గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పిలుపుకు ఇంత ధర ఉంటే పిలిచేవాడు రెండుసార్లు ఆలోచిస్తాడు. కథ అక్కడే పుడుతుంది.

దేవుళ్ళలో దేవుళ్ళకే పడదన్న సంగతిని ఇంకో ఆట బాగా వాడుకుంది. జాన్ హార్పర్ 2006లో రాసిన 'ఆగాన్' గ్రీకు వీరుల ఆట. 2020లో వచ్చిన దాని కొత్త కూర్పులో వీరులు ఒక దీవిలో చిక్కుముడి విప్పి బయల్దేరేటప్పుడు ఏ దేవుడు సంతోషించాడు, ఏ దేవుడు అలిగాడు అని లెక్క చూస్తారు. ఒడిస్యూస్‌కు ఎథీనా తోడు, పొసైడన్ పగ. ఒకరిని మెప్పిస్తే ఇంకొకరికి కోపం రావడం గ్రీకు కథల్లో మామూలే.

ఇప్పుడు మన తిన్నణ్ణి ఈ పుస్తకాల ముందు నిలబెడదాం. శ్రీకాళహస్తిలో వేటగాడు తిన్నడు శివుడికి మాంసం పెట్టాడు, నోట్లో నీళ్ళు తెచ్చి అభిషేకం చేశాడు. పూజారి వచ్చి గుడి మైలపడిందని ఏడ్చాడు. చాటుగా నిలబడి చూడమన్నాడు శివుడు. లింగం కంట్లోంచి నెత్తురు కారుతుంటే తిన్నడు తన కన్ను పీకి పెట్టాడు. రెండో కన్నూ కారుతుంటే, తన రెండో కన్ను కూడా పోయాక చోటు కనబడదని గుర్తుగా అక్కడ కాలు ఆనించి పెట్టుకున్నాడు. కాలు! 1974 ఆటలో తిన్నడి కాగితం మీద భక్తికి గడి లేదు, అతను కత్తి పట్టేవాడి కిందే జమ. 1978 ఆటలో అతను తన్ను తాను తగ్గించుకున్నవాడు, దేవుడు పలికి తీరాలి. తిన్నడు ఒక్కడే. పుస్తకాన్ని బట్టి ఒకచోట ఎవడూ కాదు, ఒకచోట కన్నప్ప. నియమం రాసేవాళ్ళ చేతిలో ఎంత ఉందో మాకు అప్పుడు తెలిసింది. మాలో చాలామందికి ఊళ్ళో గుడి గడపకూ మా వాడకూ ఎంత దూరమో ఈ పుస్తకం చదివే అన్నలకు చెప్పనక్కర్లేదు. 1930 మార్చి 2న అంబేడ్కర్ నాయకత్వంలో నాసిక్‌లో కాలారామ్ గుడి ముందు వేలమంది నిలబడింది కూడా ఒక నియమం ముందే.

అందుకే మా ఆటలో మతాచార్యుడనే ప్రత్యేక వీరుణ్ణి తీసేశాం. దీని మీద ఒక తమ్ముడు గట్టిగా వాదించాడు. వీరుడి కాగితం మీద పుట్టుక అని ఒక గడి ఉండాలట, దేవుడి బిడ్డలకు ఎక్కువ అంకె ఇవ్వాలట, భారతంలో అలాగే ఉందట. ఉంది నిజమే. మరి కర్ణుణ్ణి చూడు అన్నాం. సూర్యుడి కొడుకు. అయినా అస్త్రవిద్యా ప్రదర్శన నాడు అర్జునుడితో తలపడతానంటే కృపాచార్యుడు కులగోత్రాలు అడిగాడు. అడ్డుపడింది సూర్యుడు కాదు, గోదాలో నిలబడ్డ మనుషులు. కర్ణుడి కథలో ఆటకు నిజంగా పనికొచ్చేది వేరే ఉంది. కవచకుండలాలు కోసిచ్చినందుకు ఇంద్రుడు అతనికి శక్తి ఆయుధం ఇచ్చాడు, ఒక్కసారే వాడాలన్నాడు. అర్జునుడి కోసం దాచుకున్నది ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది. ఒక్కసారే పనిచేసే వరం, అదీ ఇచ్చిపుచ్చుకోవడంలో వచ్చింది. దీన్ని మా నోట్‌బుక్‌లో యథాతథంగా రాసుకున్నాం. పుట్టుక గడి మాత్రం పెట్టలేదు.

పెట్టిన గడి పేరు మొక్కు. దీనికి మాకు పై దేశపు పుస్తకం అక్కర్లేకపోయింది. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడి కథ చూడండి. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో ఉండగా కలరా వచ్చిందని, తగ్గితే మా ఊళ్ళో నీకు గుడి కడతానని అమ్మవారికి మొక్కాడని, తిరిగొచ్చి 1815లో విగ్రహం నిలిపాడని చెబుతారు. డోలీ మోసేవాడు నేరుగా బేరం పెట్టాడు, మాట చెల్లించాడు. అక్కడే బోనాల మర్నాడు రంగం చెప్తారు. పచ్చికుండ మీద నిలబడ్డ ఆడమనిషి నోట అమ్మవారు పలుకుతుంది. నాకు సరిగ్గా జరిపించలేదని కోప్పడుతుంది, ఫలానాది చెయ్యండని అడుగుతుంది. మేము చూసిన ఆట పుస్తకాల్లో దేవుళ్ళు ఎక్కువగా పిలిస్తే పలికేవాళ్ళే గాని తమంతట తాము వచ్చి నిలదీసేవాళ్ళు తక్కువ. మేడారం జాతరలో జనం తమ ఎత్తు బెల్లం తూచి ఇస్తారు, దాన్ని బంగారం అంటారు. సమ్మక్క కూడా పోరాడిన వీరవనితే, తర్వాత జనానికి దేవతయింది. మన దగ్గర వీరుడికీ దేవుడికీ మధ్య గోడ అంత ఎత్తేం కాదు.

మా నియమం ఇలా నడుస్తుంది. ప్రతి వీరుడికీ నమ్మకం అనే అంకె 8తో మొదలవుతుంది. ఆపదలో ఎవరైనా అమ్మవారిని పిలవొచ్చు, కానీ ఏమిస్తారో పైకి చెప్పాలి. ఇస్తే నొప్పి తెలియనిది కథకుడు ఒప్పుకోడు. తర్వాత గ్లాసులోంచి చీటీ తీయాలి. నమ్మకం అంకెకు సమానంగా గాని తక్కువగా గాని వస్తే అమ్మవారు పలుకుతుంది, మొక్కు కాగితం మీద గడువుతో సహా ఎక్కుతుంది. చెల్లిస్తే నమ్మకం 1 పెరుగుతుంది, గడువు దాటితే 2 తగ్గుతుంది. పాత మొక్కు ఉండగానే కొత్తది మొక్కితే నమ్మకాన్ని సగం చేసి చూడాలి. ఇవి కాక, ఆటకు ఒకసారి అమ్మవారే వచ్చి అడుగుతుంది. కాదనొచ్చు, కాదన్నందుకు ఏమవుతుందో కథకుడి ఇష్టం.

ఒకరి కోసం ఇంకొకరు మొక్కడం మీద మాత్రం మూడు రాత్రులు పట్టింది. ఇళ్ళల్లో జరిగేది అదే కదా, మొక్కేది అమ్మ, గుండు కొడుక్కి. దీన్ని ఆటలో పెట్టగానే ఆరో తరగతి తమ్ముడొకడు తోటి వీరుడి మేకను మొక్కేశాడు. వాడి తెలివికి నవ్వుకున్నాం గాని నియమం రాయక తప్పలేదు: ఎవరి వస్తువు పోతుందో వాళ్ళు సరే అనాలి. సరే అంటే ఇద్దరి నమ్మకం అంకెలూ కలిపి చూస్తాం. ఇది పెట్టాక ఆట మారిపోయింది. తన కోసం మేకనివ్వనివాడు పక్కవాడి కోసం ఇస్తున్నాడు.

ఇక మన హాస్టల్లో ఆదివారం చర్చికి పోయేవాళ్ళున్నారు, దర్గాకు పోయేవాళ్ళున్నారు, 1956లో నాగపూర్‌లో అంబేడ్కర్ తీసుకున్న దీక్షను తలచుకుని బుద్ధుడికి దండం పెట్టేవాళ్ళున్నారు, ఎవరికీ పెట్టనివాళ్ళూ ఉన్నారు. వీళ్ళందరితో ఎల్లమ్మకు మొక్కించే హక్కు మాకు లేదు. అందుకని ఆటలోని దేవతల పేర్లు మేమే కల్పించుకున్నాం, నిజం పేర్లు వాడటం లేదు. దేవుడు వద్దనే వీరుడికి అదే గడి, అదే 8, అవే చీటీలు. అతను ఆపదలో ఊరివాళ్ళను పిలుస్తాడు, బాకీ ఊరికి పడుతుంది, గడువులోగా తీర్చాలి. కొందరు అన్నలు దీన్ని ఒప్పుకోవడం లేదు. దేవుడూ ఊరూ ఒకే లెక్కలో ఎలా వస్తారు, దేవుణ్ణి వద్దన్నవాడికి ఏదో ఒక లోటుండాలి కదా అంటున్నారు. లోటు ఎందుకుండాలో వాళ్ళు ఇంతవరకు చెప్పలేదు. చెప్పేదాకా నియమం ఇలాగే ఉంటుంది.

తేలనిది ఇంకొకటుంది. వీరుడు చనిపోతే తీరని మొక్కు ఎవరిది? కొడుకుదనేవాళ్ళు సగం, అక్కడితో సరి అనేవాళ్ళు సగం. అప్పులున్న ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళం కాబట్టి ఈ వాదనలో గొంతులు కాస్త పెరుగుతున్నాయి. శనివారం రాత్రి భోజనాలయ్యాక స్టోర్ రూమ్ పక్క వరండాలో ఆడుతున్నాం. నోట్‌బుక్‌లో ఆ పేజీ ఖాళీగానే ఉంచాం. వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులు ఒక ఆట కూర్చుని, తమ మాట అందులో రాసి వెళ్ళాలని కోరుతున్నాం.