తోటకు సోలార్ మోటారు: ముందు నీళ్ల లెక్క చూడాలి

వరంగల్ ప్రాంతంలో ఇంటి వెనుక రెండు గుంటల జాగా, దానిలో ఒక పాత బావి ఉన్న ఇళ్లు నేటికీ పల్లెపల్లెనా కనిపిస్తవి. మోట కొట్టే రోజులు ఎన్నడో పోయినవి. చేదతో తోడి మళ్లకు పోసే ఓపికా తగ్గినది. వంకాయ, బెండ, టమాట, ఆకుకూరలకు నీరు పెట్టడానికి ఇంటి మీటరు నుంచి వైరు లాగి, కంచె మీదుగా వేలాడదీసి, బావి దగ్గర మోటారుకు తగిలించడం పరిపాటి అయినది. ఆ వైరు ఎండకు పగులుతుంది. అతుకుల దగ్గర టేపు ఊడుతుంది. తడి నేల మీద వట్టి కాళ్లతో తిరిగే ఆడవాళ్లు, పిల్లలు దానిని ముట్టుకుంటే 230 వోల్టులు ప్రాణం తీయగలవు. మోటార్ల వద్ద షాకు తగిలి రైతులు మరణించిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాము. కూరగాయల మడి కోసం ఇంత ప్రమాదం తలపై పెట్టుకోవడం అవసరమా అన్నది ప్రతి ఇల్లూ ఆలోచించవలసిన విషయం.

దీనికి మార్గం ఉన్నది. ఒక చిన్న సోలార్ ప్లేటు, 12 వోల్టుల డీసీ మోటారు, నీరు నిలువ చేసే డబ్బా ఉంటే పెరటి తోటకు సరిపోయే ఏర్పాటు ఇంటివాళ్లే చేసుకోవచ్చు. అయితే చాలామంది ముందు ప్లేటు కొని, తర్వాత మోటారు వెతికి, చివరకు నీటి సంగతి ఆలోచిస్తున్నారు. వరుస తలకిందులైనందువల్లనే కొన్నది మూలన పడుతున్నది.

లెక్క కష్టమైనది కాదు. రెండు గుంటలంటే 242 గజాలు, అనగా సుమారు 200 చదరపు మీటర్లు. కూరగాయలకు రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు అనుకుంటే వెయ్యి లీటర్లు కావలె. బావిలో నీరు 10 మీటర్ల లోతున ఉండి, డబ్బా 3 మీటర్ల ఎత్తున ఉంటే, ఆ నీటిని 13 మీటర్లు ఎత్తవలె. ఇందుకు పట్టే శక్తి 35 వాట్-గంటలు మాత్రమే. చిన్న మోటారులో మూడింట రెండు వంతులు వృథా అయినా 105 వాట్-గంటలకు మించదు. నూరు వాట్ల ప్లేటు ఒక్కటి, మంచి ఎండ ఉన్న రోజున, నష్టాలు పోను 300 వాట్-గంటల వరకు ఇవ్వగలదు. మబ్బు రోజులకు, మండు వేసవికి కూడా అందులో వెసులుబాటు ఉన్నది.

బిల్లు ఆశ వద్దు

ఈ లెక్కే మరొక నిజం కూడా చెబుతున్నది. రోజుకు 105 వాట్-గంటలంటే నెలకు మూడు యూనిట్ల చిల్లర. కరెంటు బిల్లు తగ్గుతుందన్న ఆశతో ఈ పనికి పూనుకునేవారు నిరాశపడక తప్పదు. సోలార్ మోటారు వల్ల లాభం వేరు. వైరు వేలాడదీసే పని ఉండదు. లైను అందని దూరపు బావి దగ్గర కూడా పనిచేస్తుంది. అన్నిటికీ మించి, తక్కువ వోల్టు కనుక తడిచేయి తగిలినా ప్రాణభయం ఉండదు. అమ్మేవారు ఈ మాట చెప్పకుండా బిల్లు ఆదా గురించే చెప్పడం విచారకరం.

అయితే ఈ భద్రత ఒకటి రెండు ప్లేట్లతో ఆగినప్పుడే. మేడల మీద మాదిరిగా పది ప్లేట్లను వరుసగా కలిపితే వందల వోల్టులు వస్తవి. ఎండ ఉన్నంత సేపూ అవి చల్లారవు. ఆ పని తెలిసిన మెకానిక్‌కే వదలడం శ్రేయస్కరం.

తయారీలో పొరపాట్లు

పురుగుమందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ నుంచి మోటారు ఊడదీసి బావికి బిగించే ప్రయత్నాలు జరుగుతున్నవి. ఇది రెండు విధాల తప్పు. ఆ మోటారు గంటల తరబడి నడవడానికి చేసినది కాదు, వేడెక్కి చెడిపోతుంది. పైగా అందులో మిగిలిన మందు బావి నీటిలో కలుస్తుంది.

ఒడ్డున పెట్టే పంపు ఎంత గొప్పదైనా ఆరేడు మీటర్ల లోతుకు మించి నీటిని పీల్చలేదు. ఇది గాలి ఒత్తిడికి సంబంధించిన ప్రకృతి నియమం, మోటారు శక్తి పెంచినా మారదు. వేసవిలో నీరు ఇంకా కిందికి పోయే మన బావులకు నీటిలో మునిగి పనిచేసే డీసీ పంపే తగినది.

12 వోల్టులదని అమ్మే ప్లేటు, మోటారు కలపకముందు 21, 22 వోల్టులు చూపుతుంది. కనుక ప్లేటుకూ మోటారుకూ మధ్య కంట్రోలర్, ఫ్యూజు తప్పనిసరి. నీరు అడుగంటినప్పుడు ఆపడానికి ఒక ఫ్లోట్ స్విచ్ ఉండవలె. ప్లేటును దక్షిణ ముఖంగా, మూడు అడుగుల ప్లేటుకు వెనుక అంచు ఒక అడుగు లేచేటట్లు పెట్టవలె. వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నందున ఈ వాలు సరిపోతుంది. వేపకొమ్మ నీడ ఒక మూల పడినా పని సగానికి పడిపోవచ్చు. కోతుల బెడద ఉన్న ఊళ్లలో ప్లేటుపై జాలీ వేయాలనుకునేవారు ఈ నీడ సంగతి మరువరాదు.

బ్యాటరీ కొనవలసిన పని లేదు. పగలు డబ్బాలో నిలువ చేసిన నీరే బ్యాటరీ. సాయంత్రం కుళాయి తిప్పి డ్రిప్పు పైపుల ద్వారా మొక్కలకు వదిలితే చుక్క వృథా కాదు.

చిన్న మోటారుకు చోటేది?

2019లో కేంద్రం ప్రారంభించిన పీఎం కుసుమ్ పథకం 7.5 హార్సుపవరు వరకు సోలార్ పంపుసెట్లకు సాయం చేసేది. 2025 మేలో రాష్ట్ర ప్రభుత్వం మాచారంలో ప్రారంభించిన ఇందిర సౌర గిరి జల వికాసం గిరిజన రైతుల పోడు భూములకు ఉద్దేశించినది. రెండూ పొలాలకు మేలైనవే. కాని రెండు గుంటల తోటకు అంత పంపు అక్కరలేదు, పైగా అది చిన్న బావిని గడియలో ఖాళీ చేస్తుంది. పది హార్సుల బరువును మేకపిల్ల మీద వేసినట్లవుతుంది. హార్సుపవరులో పదో వంతు మోటారుతో తీరే అవసరానికి పెద్ద పథకాల్లో చోటు దొరకడం లేదు.

దీనికి కోట్ల నిధులు అక్కరలేదు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా వెలసి, 2002లో ఎన్.ఐ.టి.గా మారిన విద్యాసంస్థ వరంగల్‌లోనే ఉన్నది. మామునూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. ఐ.టి.ఐ.లు ఉన్నవి. ఇవి కలిసి ఒక నమూనా తయారు చేసి, మహిళా సంఘాల సభ్యులకు బిగించే పద్ధతి నేర్పితే మండలానికి ఇద్దరు ముగ్గురికి ఉపాధి దొరుకుతుంది. మధ్యాహ్న భోజనానికి కూరగాయలు పెంచే బడి తోటల్లో మొదటి మోటార్లు పెడితే పిల్లలు చూసి ఇంట్లో చెబుతారు. ఏ పంపు ఎంత లోతు నుంచి ఎన్ని లీటర్లు తోడుతుందో అంగడిలో తెలుగులో రాసి పెట్టే ఏర్పాటు కూడా జరగవలె.

అధికారులు ఈ దిశగా ఆలోచించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది. అంతవరకు ఇంటివాళ్లు చేయగలిగినది ఒకటున్నది. అంగడికి పోయేముందు బావిలో తాడు వేసి నీటి లోతు కొలిచి, మడి ఎన్ని గజాలో లెక్కించి, ఆ రెండు అంకెలు కాగితం మీద రాసుకుని పోవలె. అవి లేకుండా ప్లేటు బేరమాడరాదు.