ఫ్యాక్టరీ రాకముందే మన బోరు నీళ్ళ లెక్క మన దగ్గరుండాలి

మన వెలిగండ్ల, కనిగిరి, పామూరు ప్రాంతానికి పరిశ్రమలు రావాలని అన్ని పార్టీలూ అంటున్నాయి. రైతు సంఘంగా మనమూ వద్దనడం లేదు. వానల్లేక, వెలిగొండ నీళ్ళు రాక, మన పిల్లలు హైదరాబాదుకీ బెంగళూరుకీ మూట కట్టుకుని పోతున్నారు. ఊరి దగ్గరే పని దొరుకుతుందంటే కాదనే తల్లిదండ్రులు ఎవరుంటారు? అయితే పరిశ్రమ వస్తుందన్న ప్రతి సభలో ఎన్ని కోట్ల పెట్టుబడి, ఎన్ని వేల ఉద్యోగాలు అన్నవే చెబుతున్నారు. ఆ పరిశ్రమలో మిగిలే వ్యర్థం ఎంత, దాన్ని ఎక్కడ వేస్తారు అన్నది ఎవరూ చెప్పడం లేదు. మనం అడగాల్సింది అదే.

ఇది గాలిలో మాట కాదు. పామూరు, పీసీపల్లి మండలాల్లో 14 వేల ఎకరాలకు పైగా విస్తీర్ణంతో జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలి, అంటే మనమంతా నిమ్జ్ అని పిలిచేది, ఏళ్ళ తరబడి కాగితాల మీద ఉంది. దేశంలో కేంద్రం తుది ఆమోదం తెలిపిన మూడు నిమ్జ్‌లలో అదొకటి. మిగతా రెండు తెలంగాణలో జహీరాబాదు దగ్గర, ఒడిశాలో కళింగనగర్ దగ్గర. మనది ఇంకా అనుకున్నట్టు కదల్లేదు. కదిలిన రోజున ఒక ఫ్యాక్టరీ కాదు, వరసగా చాలా వస్తాయి. ఒక్కో దాని వ్యర్థం ఒక్కో రకం.

అన్ని వ్యర్థాలనూ ఒకే గాటన కట్టకూడదు. పీసీపల్లి మండలం దివాకరపల్లిలో 2025 ఏప్రిల్ 2న రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. గడ్డితో గ్యాసు తీశాక మిగిలే పిప్పి సరిగా తయారుచేస్తే పొలానికి ఎరువు. మార్కాపురం పలకల గనుల దగ్గర గుట్టలుగా పోసిన రాతి వ్యర్థం భూమిని ఆక్రమిస్తుంది, మేత పోగొడుతుంది, దుమ్ము రేపుతుంది. అయినా అది కంటికి కనబడుతుంది, పోసిన చోటే ఉంటుంది. రసాయన పరిశ్రమ వ్యర్థం అలా కాదు. ఫ్యాక్టరీ ప్రహరీ లోపల గుంట తీసి పూడ్చి, పైన మట్టి కప్పి, మొక్కలు నాటితే చూసేవాడికి తోటలా ఉంటుంది. కింద ఏం జరుగుతోందో పక్క చేను రైతుకు తెలిసేసరికి ఏళ్ళు పడుతుంది.

ప్రహరీ గోడ నీటిని ఆపదు

గుంటలో పోసిన వ్యర్థం మీద వాన పడితే ఆ నీరు దానిలోని ఉప్పులనూ లోహాలనూ కరిగించుకుని కిందికి దిగుతుంది. ఆ ఊట నీటిని అడ్డుకోవడానికి గుంట అడుగున గట్టిగా దిమ్మిస కొట్టిన బంకమట్టి పొర, దాని మీద మందపాటి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు, ఊట నీటిని బయటికి తోడే గొట్టాలు ఉండాలి. షీటు అతుకు సరిగా వేయకపోయినా, లారీ టైరు తగిలి చిరిగినా, గొట్టం పూడుకుపోయినా ఆ నీరు నేలలోకి పోతుంది.

మనది రాతి నేల. మన బోర్లలో పడేది రాతి పగుళ్ళలో నుంచి వచ్చే నీరు. పగులు ఎటు పోతుందో పైనుంచి చెప్పలేం. మనం వందల అడుగుల లోతు నుంచి మోటారుతో లాగుతున్నప్పుడు చుట్టుపక్కల నీరంతా మన బోరు వైపు వస్తుంది. అందులో చెడ్డ నీరు ఉంటే అదీ వస్తుంది.

వాన తక్కువ ప్రాంతం కాబట్టి వ్యర్థం పూడ్చడానికి మీ నేలే అనువైనదని కొందరు అధికారులు చెబుతుంటారు. సగమే నిజం. మనకు ఏడాదంతా చినుకు లేకపోయినా అక్టోబరు, నవంబరులో తుపాను వస్తే రెండు రోజుల్లో వాగులు పొంగుతాయి. గుంటలు నిండి పొర్లేది అప్పుడే. పైగా వాన తక్కువైతే భూమిలో చేరే మంచినీరూ తక్కువే. ఒకసారి విషం చేరితే దాన్ని పలచబరిచే నీరు ఉండదు. కృష్ణా డెల్టా రైతుకు బోరు పోయినా కాలువ ఉంటుంది. మనకు బోరు పోతే ఇంకేముంది?

తుమ్మలపల్లెలో ఏం జరిగింది

పక్కనే ఉన్న కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. 2007లో శంకుస్థాపన చేశారు. ఖనిజాన్ని సోడియం కార్బొనేట్ లాంటి క్షారాలతో శుద్ధి చేసి, మిగిలిన బురదను కేకే కొట్టాల వైపు కట్టిన సొంత చెరువులోకి గొట్టాల ద్వారా పంపుతున్నారు. అది ప్రభుత్వ రంగ సంస్థ, అణు ఇంధన శాఖ కింద ఉన్నది. దేశంలో ఇంతకంటే గట్టి పర్యవేక్షణ ఉండే పరిశ్రమ మరొకటి ఉండదని మనమంతా అనుకుంటాం.

కొన్నేళ్ళకే చుట్టుపక్కల ఊళ్ళ రైతులు బోరు నీళ్ళు చెడిపోయాయని, అరటి తోటలు ఎండిపోతున్నాయని, చర్మ వ్యాధులు వస్తున్నాయని రోడ్డెక్కారు. చెరువు అడుగున వేయాల్సిన పొర విషయంలో షరతులు పాటించలేదని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో నోటీసు ఇచ్చింది. నిపుణుల కమిటీలు వచ్చాయి, నమూనాలు తీసుకెళ్ళాయి. సంస్థ వాదన మాత్రం ఒకటే: ఆ నీళ్ళలో ఉన్నది నేలలో సహజంగా ఉన్నదే, మా చెరువు నుంచి రాలేదు.

ఈ వాదనను మనం బాగా గుర్తుపెట్టుకోవాలి. రేపు మన దగ్గరా వినిపించేది ఇదే. కనిగిరి ప్రాంతం నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని దేశమంతటికీ తెలుసు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం ఉన్నా, మన ఊళ్ళలో అది దాటిన నీళ్ళు తాగి నడుములు వంగిన పెద్దలను, పళ్ళు గారపట్టిన పిల్లలను రోజూ చూస్తున్నాం. రేపు ఒక కంపెనీ గుంట పక్కన బోరు చెడిపోతే ఆ కంపెనీ లాయరు తడుముకోకుండా అంటాడు: "ఈ ప్రాంతం నీళ్ళు మొదటినుంచీ చెడ్డవే కదా!" మన కష్టాన్నే మనకు ఎదురు సాక్ష్యంగా నిలబెడతారు. ఫ్యాక్టరీ రాకముందు మన నీళ్ళలో ఏముందో, ఎంతుందో మన దగ్గర కాగితం లేకపోతే ఆ మాటకు జవాబు చెప్పలేం.

కోర్టు గెలిచినా నీళ్ళు తిరిగి రావు

రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర బిచ్రి అనే ఊరు ఉంది. 1988 ప్రాంతంలో అక్కడ రంగుల తయారీలో వాడే హెచ్ యాసిడ్‌ను సుమారు ఏడాది పాటు ఉత్పత్తి చేశారు. ఆ కొద్దికాలంలోనే రెండు వేల టన్నులకు పైగా విష బురద మిగిలింది. దాన్ని తమ ఆవరణలో ఆరుబయట పోశారు. అది నేలలోకి దిగి ఊరి బావుల నీళ్ళు రంగు మారాయి. తాగడానికీ పనికిరాలేదు, పంటకూ పనికిరాలేదు. కోర్టు బురదను తొలగించమంటే కొంత తీసి, మిగతాది మట్టితో కలిపి కనబడకుండా చేశారు.

1996లో సుప్రీంకోర్టు చరిత్రాత్మక తీర్పు ఇచ్చింది. కాలుష్యం చేసినవాడే శుద్ధి ఖర్చంతా భరించాలని చెప్పింది. ఆ ఖర్చును 37 కోట్లకు పైగా లెక్కగట్టారు. కంపెనీలు కట్టకుండా పిటిషన్ల మీద పిటిషన్లు వేస్తూ పోయాయి. చివరికి 2011లో చక్రవడ్డీతో సహా కట్టాలని సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఏడాది ఉత్పత్తికి ఇరవై ఏళ్ళకు పైగా కోర్టు! మన దగ్గర పటాన్‌చెరు కథ కూడా ఇలాంటిదే. నక్కవాగు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకు వెళ్ళిన కేసు 2001లో హైకోర్టుకు బదిలీ అయి, ఆ తర్వాత కూడా సాగింది. అప్పుడు పొలం వదిలేసిన రైతు కొడుకు ఇప్పుడు ఏ కంపెనీలోనో సెక్యూరిటీ గార్డు.

చట్టంలో మనకేముంది

చట్టం పూర్తిగా మనకు వ్యతిరేకంగా లేదు. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాలకు దగ్గర్లో ఒక నూనె పరిశ్రమకు అనుమతి విషయమై 1999లో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. తన వల్ల హాని లేదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత పరిశ్రమదే అన్నది ఆ తీర్పు సారం. ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు, 2016 ప్రకారం ఫ్యాక్టరీ అలాంటి వ్యర్థాన్ని మామూలుగా 90 రోజులకు మించి నిల్వ పెట్టకూడదు. సొంత స్థలంలో పూడ్చాలంటే కాలుష్య మండలి నుంచి డిజైనుకు ఆమోదం తీసుకోవాలి. జరిగే నష్టానికి పూర్తి బాధ్యత ఫ్యాక్టరీదే. కేంద్ర కాలుష్య మండలి మార్గదర్శకాల ప్రకారం అలాంటి గుంట జనావాసానికీ, తాగునీటి బావికీ 500 మీటర్ల లోపు ఉండకూడదు. గుంట మూసేశాక కూడా 30 ఏళ్ళు పర్యవేక్షించాలి. లోపల ఏ రసాయనాలు వాడుతున్నారో, ఏ వ్యర్థం ఎంత వస్తోందో గేటు బయట బోర్డు పెట్టాలని సుప్రీంకోర్టు 2003లోనే ఆదేశించింది.

ముప్పై ఏళ్ళన్న మాట దగ్గర కాస్త ఆగాలి. కంపెనీ పదేళ్ళకు దివాలా తీసి తాళం వేస్తే మిగతా ఏళ్ళు ఆ గుంటను ఎవరు చూస్తారు? యజమాని మారతాడు, పేరు మారుతుంది, గుంట మాత్రం మన మధ్యనే ఉంటుంది. అందుకే ఆ ఖర్చుకు సరిపడా డబ్బు ముందే డిపాజిట్ చేయించాలి.

ఇంకో మెలిక ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద పరిశ్రమకు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక పంచాయతీలో అందుబాటులో ఉంచాలి. కానీ పారిశ్రామిక పార్కు మొత్తానికి ఒకసారి సభ పెట్టి అనుమతి తీసుకుంటే, ఆ తర్వాత అందులోకి వచ్చే ఒక్కో ఫ్యాక్టరీకి విడిగా సభ పెట్టనక్కర్లేకుండా మినహాయింపు ఉంది. అంటే నిమ్జ్ లాంటి చోట మనకు దొరికే మాట ఒక్కసారే. ఆ రోజు ఉద్యోగాల గురించి అడిగి, భోజనాలు చేసి వచ్చేస్తే తర్వాత వచ్చే ఏ రసాయన ఫ్యాక్టరీ గుంట గురించీ మనల్ని అడిగే పని వాళ్ళకు ఉండదు.

ఇప్పుడు చేయాల్సిన పని

మొదటి పని ప్రభుత్వం కోసం చూడకుండా మనమే చేయగలం. ప్రతి ఊళ్ళో నాలుగు దిక్కులా నాలుగైదు బోర్లు ఎంచుకోవాలి. ఏడాదికి రెండుసార్లు, మే నెలలో ఒకసారి, వానలు వెనకపట్టాక ఒకసారి నీళ్ళు పట్టాలి. మోటారు పది నిమిషాలు నడిచాక, సీసాను అదే నీళ్ళతో మూడుసార్లు కడిగి నింపాలి. సీసా మీద రైతు పేరు, సర్వే నంబరు, బోరు లోతు, తేదీ రాయాలి. పంచాయతీ కార్యదర్శి, ఇద్దరు పొరుగు రైతుల సంతకాలు తీసుకోవాలి. ఫోనులో లొకేషన్ కనబడేలా ఫోటో తీయాలి.

ఫ్లోరైడ్, ఉప్పు శాతం, క్లోరైడ్, సల్ఫేట్, సోడియం, నైట్రేట్ లాంటివి మామూలు పరీక్షలు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో అడగాలి. సీసం, క్రోమియం, కాడ్మియం, పాదరసం, ఆర్సెనిక్ లాంటి లోహాలకు గుర్తింపు పొందిన ప్రయోగశాలకే పంపాలి. వాటికి సీసా కూడా వాళ్ళే ఇస్తారు. ఖర్చు ఎక్కువ కాబట్టి ఊరికి ఒకటి రెండు బోర్లకు చాలు. రిపోర్టు ఒక ప్రతి రైతు దగ్గర, ఒకటి పంచాయతీలో, ఒకటి సంఘం ఆఫీసులో ఉండాలి.

రెండోది, ప్రభుత్వం ముందు మనం పెట్టాల్సిన డిమాండ్లు:

1. ఏ పరిశ్రమకైనా భూమి ఇచ్చే ముందు దాని వ్యర్థం రకం, పరిమాణం, పూడ్చే చోటు గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి.

2. పారిశ్రామిక పార్కు లోపలికి వచ్చే ప్రతి రసాయన పరిశ్రమకూ విడిగా ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి.

3. వ్యర్థాల గుంటకు ఎగువనా దిగువనా పరిశీలన బావులు తవ్వాలి. వాటి నీటి ఫలితాలు మూడు నెలలకోసారి పంచాయతీ బోర్డు మీద పెట్టాలి. నమూనా తీసేటప్పుడు రైతు ప్రతినిధి ఉండాలి.

4. గుంట మూసివేత, ముప్పై ఏళ్ళ పర్యవేక్షణ ఖర్చును కంపెనీ ముందే డిపాజిట్ చేయాలి.

5. కంపెనీ పని మొదలుపెట్టక ముందే చుట్టుపక్కల ఊళ్ళ నీళ్ళన్నీ కాలుష్య మండలి తన ఖర్చుతో పరీక్షించి ఆ రిపోర్టు రైతులకు ఇవ్వాలి.

ఇవి అడిగితే అభివృద్ధికి అడ్డుపడుతున్నారని అంటారు. అననివ్వండి. పద్ధతిగా నడిచే కంపెనీకి ఇందులో ఒక్కటీ భారం కాదు. వీటిని చూసి వెనక్కి పోయే కంపెనీ ఉంటే, అది ఎందుకు వెనక్కి పోయిందో మనకే అర్థమవుతుంది.

నష్టపరిహారం కోసం హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళాలంటే ఐదేళ్ళ గడువు ఉంది. అక్కడ నిలబడాలంటే పాత రిపోర్టు చేతిలో ఉండాలి. కాబట్టి ఈ నెల గ్రామ శాఖల సమావేశాల్లో బోర్లు ఎంపిక చేసి జాబితా మండల కమిటీకి పంపండి. మే నెలలో మొదటి సీసా నింపుదాం.