అమ్మ నడకకే ఎందుకు అడ్డు?

"పొద్దంతా ఇంట్లో తిరుగుతనే ఉంటవు గదా, మళ్లీ వాకింగ్ ఎందుకు?" ఈ మాట వినపడని ఇల్లుంటే చెప్పండి, వచ్చి చూసి పోతాను.

ఇంటిపని తక్కువదని నేననను. కానీ మన అమ్మలు రోట్లో దంచారు, తిరగలి విసిరారు, బావి నుంచి బిందెలు మోశారు. మనకు మిక్సీ, గ్యాస్, నల్లా ఉన్నాయి. పనిలో ఎక్కువ భాగం నిలబడటమే. పొయ్యి ముందు గంటసేపు నిలబడితే కాళ్లు గుంజుతాయి గానీ గుండెకు పెద్దగా పని పడదు. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు, ఊపిరి కాస్త వేగం పెరిగేంత శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో కూడా చెప్పింది. అంటే ఐదు రోజులు, రోజుకు అరగంట.

మనం చెప్పుకునే సాకు ఇంకొకటుంది: పదివేల అడుగులు. అన్ని మనవల్ల కాదని మొదలుపెట్టకముందే మానేస్తాం. అది వైద్యులు తేల్చిన లెక్క కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్ముతూ దానికి 'మాన్పో కే' అని పేరు పెట్టారు. పదివేల అడుగుల మీటరని దాని అర్థం. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్లున్న 16 వేల మందికి పైగా స్త్రీల మీద చేసిన అధ్యయనం వచ్చింది. రోజుకు 2,700 అడుగులు వేసేవారికంటే 4,400 వేసేవారిలోనే మరణాలు తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక పెద్ద తేడా లేదు.

మా మన్ననూర్ దిక్కు వాళ్లకు నడక రాదా? చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి రాళ్ల మీదుగా దిగి లింగమయ్యను చూసొస్తాం. తర్వాత వారంపాటు పిక్కలు పట్టుకొని కూర్చుంటాం. దేవుడి మొక్కు ఏడాదికొకసారి తీరుతుంది, ఒంటి మొక్కు రోజూ తీర్చాల్సిందే.

మరి ఎందుకు తీరడం లేదు? చుట్టాలొచ్చినా, పిల్లలకు పరీక్షలున్నా, పండుగ వచ్చినా ఇంట్లో మొదట ఆగేది అమ్మ నడకే. నాన్న హోటల్ చాయ్ మాత్రం ఏ పండుగకూ ఆగదు. నలభై దాటాక షుగరో బీపీయో బయటపడితే "నీ ఆరోగ్యం నువ్వు చూసుకోవద్దా" అని ఆమెనే అంటారు.

మా ఊరి అటవీ చెక్‌పోస్టు గేటు రాత్రి 9కి పడితే పొద్దున 6 దాకా లేవదు. శ్రీశైలం పోయే కార్లు, ఎంత తొందరున్నా, ఆగుతాయి. అడవి జంతువుల కోసం అంతమంది అన్ని గంటలు ఆగగలిగినప్పుడు, అమ్మ కోసం ఇంట్లో నలుగురు అరగంట ఆగలేరా?

అక్కలారా, అడిగి అనుమతి తీసుకోకండి, టైం చెప్పండి. చాయ్ ఎవరు పెట్టాలో, టిఫిన్ డబ్బాలు ఎవరు కట్టాలో రాత్రే తేల్చండి. అరగంట ఒకేసారి కుదరకపోతే మూడు పది నిమిషాలు నడవండి. వాన పడితే వరండాలో నడవండి. మోకాళ్ల నొప్పులో గుండె జబ్బో ఉంటే డాక్టరును అడిగి మొదలుపెట్టండి. ఒకరోజు తప్పితే మర్నాడు మళ్లీ బయల్దేరండి. ఆ అరగంట ఇంటివాళ్లు మీకు చేసే ఉపకారం కాదు, మీకు రావాల్సిన బాకీ.